సైబీరియా వన్యపుష్ప సంగ్రహణము
(స్మారకోపన్యాసము)



ఈ యుపన్యాసము ఎవరి పేర నెలకొల్పబడినదో ఆ యుపాధ్యాయులు తమ శిష్యులచేత మొక్కలను కోయించి, కాగితముల నడుమ ఆరబెట్టించి, ప్రతి కాగితముపైనను ఊరిపేరును తేదీని వ్రాసిన చీటీని అంటింపజేయు నియమమును కడదాక విడువనివారు. ఆ చీటీయే నేటి నా ప్రసంగమునకు విషయము; దానికి నిదర్శనముగా నేనెన్నుకొన్న దేశము మాత్రము మనకు మిక్కిలి దూరమైనది. యూరల్ పర్వతములకు తూర్పున కోటి చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించి, సగమునకు మించిన నేల లోపల ఎల్లకాలము గడ్డకట్టియే యుండు సైబీరియాలో, వేసవి యను పేరిట దొరకు కొలది వారములలో పూచి కాచి ముగిసిపోవు మొక్కలకు నామరూపముల పట్టిక ఎట్లేర్పడినదో విన్నవించెదను.

1733లో బేరింగ్ అను నావికుని నాయకత్వమున సాగిన రెండవ కంచట్కా యాత్రలో నాటి రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గులోని అకాడమీ పక్షమున వెడలిన పండితులలో యోహాన్ గియోర్గ్ గ్మెలిన్ ఒకడు. 1709లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో పుట్టిన ఈ యువకుడు తిరిగి రాజధాని చేరునప్పటికి 1743 వచ్చెను. నడుమ 1736లో యాకూత్స్క్ పట్టణమున ఆయన బస తగులబడి, వ్రాతలు, చిత్రములు, సేకరణలు పెక్కు బూడిదయ్యెను. మరుసటి వేసవిలో ఆయన పోయినవానిని మరల సేకరింప బూనుకొనెను. జ్ఞాపకమును నమ్ముకొని పోయినవాని వర్ణనలను తిరిగి వ్రాసికొనుటకు ఆయనకు శక్తి చాలకపోలేదు. ఐనను పూచిన మొక్కను కనులయెదుట ఉంచుకొననిదే వ్రాయుట ఆయనకు సమ్మతము కాలేదని నా యభిప్రాయము.

గ్మెలిన్ గమనించిన విశేషములలో మిక్కిలి గొప్పది యెనిసెయ్ నదికి సంబంధించినది. దేశపటములు యూరల్ పర్వతములను యూరోపు, ఆసియాల ఎల్లగా చూపుచుండ, ఆ పర్వతములను దాటినపిమ్మటను తనకు ఆసియాలో అడుగిడినట్లు తోపలేదనియు, యెనిసెయ్ నదిని దాటి తూర్పునకు పోయిన పిదపనే కొండలు, ఏళ్లు, మృగములు, మొక్కలు సర్వమును వేరైనవనియు ఆయన తన గ్రంథపు పీఠికలో చెప్పెను. పటములు గీచిన రేఖను కాదని మొక్కలు చూపిన రేఖను ఎల్లగా గైకొన్న ఈ వాక్యము, వృక్షభూగోళశాస్త్రమునకు ఇంకను పేరైనను పుట్టని కాలమున వ్రాయబడినది!

ఆయన 'ఫ్లోరా సిబిరికా' మొదటి రెండు సంపుటములు 1747, 1749 సంవత్సరములలో వెలువడెను. 1755లో ఆయన గతించిన పిమ్మట, తక్కిన రెండింటిని అన్నకొడుకు శామ్యూల్ గోట్లీబ్ గ్మెలిన్ 1768, 1769లలో ప్రకటించెను. మొత్తము 1178 జాతుల వర్ణనలు, 294 మొక్కల చిత్రములు. గ్రంథకర్త స్వీడను వృక్షశాస్త్రజ్ఞుడగు లినేయసుతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపినవాడయ్యును, పూవులోని కేసరములను బట్టి మొక్కలను వర్గీకరించు లినేయసు లింగవిధానమును అనుసరింపక, వాన్ రాయెన్ అను హాలెండు పండితుని క్రమమును చేపట్టెను. ఆ క్రమము నేడు ఎవ్వరికిని పనికిరాదు. అంతమాత్రమున ఆ సంపుటములు పాతబడలేదు. ఏ మొక్క ఏ నదీతీరమున ఏ మాసమున పూచియుండెనో తెలిపెడి వాక్యములకొరకు శాస్త్రజ్ఞులు వానిని ఇప్పటికిని తెరచుచున్నారు.

లినేయసు ఈయన గౌరవార్థము ఒక ప్రజాతికి 'గ్మెలీనా' అని పేరిడెను. సైబీరియాలో నిలువజాలని ఉష్ణదేశపు చెట్లకు ఆ పేరు దక్కుట వింతయే. మన యడవులలోని గుమ్మడిటేకు, దశమూలములలో గంభారియని వైద్యులు వాడునది, ఆ ప్రజాతిలోనిదే. దానికి 'గ్మెలీనా ఆర్బోరియా' యని నామకరణము చేసినవాడు సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బరో.

పందొమ్మిదవ శతాబ్దమున సైబీరియా మొక్కలను సేకరించు పని రాజధాని పండితుల చేతినుండి ఆయా ఊళ్ల మందులవారి చేతికి వచ్చెను. మినుసిన్స్క్‌లో మందుల దుకాణపు పనివాడైన మార్త్యానోవ్ 1877లో మ్యూజియమును స్థాపించెను. మందుల తయారీ విద్యనే అభ్యసించిన పోర్ఫీరి క్రిలోవ్, తోమ్స్క్ విశ్వవిద్యాలయమున తరగతులైనను తెరువకమునుపే, 1885లో అక్కడ హెర్బేరియమును, అనగా ఎండుమొక్కల భాండారమును, ప్రారంభించెను. ఆల్టాయి, తోమ్స్క్ మండలముల వృక్షగ్రంథమును 1901 మొదలు 1914 వరకు ముద్రించి, వార్ధక్యమున, 1927లో, పశ్చిమ సైబీరియా వృక్షగ్రంథమును ఆరంభించి, అది పూర్తికాకమునుపే 1931లో పరమపదించెను. శిష్యులు, వారిలో ముఖ్యముగా లిడియా సెర్గీయెవ్‌స్కయా, దానిని 1964 వరకు కొనసాగించి ముగించిరి. ఆమె పేరు మన పాఠ్యపుస్తకములలో కానరాదు. క్రిలోవ్ భాండారమును దశాబ్దములపాటు కాపాడినది ఆమెయే.

ఇంతకాలమేల పట్టినదని ప్రశ్నింపవచ్చును. ఆ దేశమున విరివిగా నుండు విల్లో పొదల సంగతి చూడుడు. పెక్కు రకములలో పూవు ఆకుకన్న ముందు వచ్చును. మగపూవు ఒక పొదను, ఆడుపూవు వేరొక పొదను పూచును. పైగా ఒక జాతి మరియొక జాతితో సంకరమగును. పూచినప్పుడు ఒకమారు, ఆకు ముదిరినప్పుడు మరియొకమారు ఆ పొదకడకే పోవలెను. బాటలు లేని బురదనేలలలో, దోమల గుంపులలో, వందలాది మైళ్లు పడవపై పోవువానికి రెండవ దర్శనము దుర్లభము. కేరెక్సు అను తుంగవంటి గడ్డిజాతులందు పండిన కాయ లేనిదే నిర్ణయము కుదరదు.

లెనిన్‌గ్రాడునుండి 1934 మొదలు 1964 వరకు వెలువడిన సోవియట్ దేశపు వృక్షగ్రంథము 30 సంపుటముల మహాకార్యము. యుద్ధమువలన 1941 నాటి 10వ సంపుటము పిమ్మట 11వది వెలువడుటకు 1945 వరకు ఆగవలసివచ్చెను. దాని ప్రధాన సంపాదకుడు కొమరోవ్ జాతిని మిక్కిలి సంకుచితముగా నిర్వచించెను. ఒక్కొక్క ప్రాంతపు స్వల్పభేదమును సైతము వేరుజాతిగా లెక్కించుటచే పిదపవారు అనేక నామములను మరల కలిపివేయవలసివచ్చెను. ఆ కలుపుట సాధ్యమగుట, మూలమైన ఎండుమొక్కలు చీటీలతోసహా భాండారమున భద్రముగా నుండుటవలననే. నోవోసిబిర్స్క్ వృక్షశాస్త్రోద్యానమువారు 1987 మొదలు 2003 వరకు 14 సంపుటములలో ప్రకటించిన సైబీరియా వృక్షగ్రంథము ఆ కాగితములపైననే నిలిచినది.

కావున మన కళాశాలల వృక్షశాస్త్రాధ్యాపకులకు నాదొక విన్నపము. బీరువాలలో ఏండ్ల తరబడి పడియున్న ఎండుమొక్కల కట్టలను ఈ సెలవులలో విప్పి చూడుడు. పురుగుపట్టినదని పారవేయక మునుపు చీటీలోని ఊరిపేరును, తేదీని, సేకరించినవారి పేరును ఒక పుస్తకమున ఎక్కించి, నిలువదగిన కాగితములను హెర్బేరియము గల విశ్వవిద్యాలయమునకు అప్పగింపుడు.