చెఱువుకట్టలపై నడక, గోదావరి యొడ్డున సైకిలుయాత్ర



పసుపు త్రవ్వి, ఉడికించి, ఆరబెట్టి, కాడియు గోళయు వేఱుచేసి నిజామాబాదు యార్డునకు తోలిన పిదప మన ఆర్మూరు ప్రాంతపు రైతునకు కొన్నిదినముల తీరిక దొరకును. అప్పటికి ఫాల్గుణము ముగియుచుండును, ఎండలింకను ముదిరియుండవు. ఆ తీరికదినములలో మన చుట్టుపట్లనున్న నీటిపట్టులను కాలినడకను, సైకిలుపైనను చూచివచ్చుటను గూర్చి మీతో నాలుగుమాటలు చెప్పదలచితిని.

పెద్దలు నవ్వవచ్చును. కార్తికమున లింబాద్రిగుట్ట జాతరకు సద్దికట్టుకొని నడచిపోయినవారికి నడకను గూర్చి బోధింపవలయునా? నిజమే. మీకు బోధింప రాలేదు, మిమ్ము అడుగ వచ్చితిని. మీ రెఱిగిన బాటలను మీ మనుమ లెఱుగరు. వారికి ఊరి పొలిమేర మోటారుసైకిలుపై అరనిమిషములో దాటిపోవు స్థలము. ఏ తూమునుండి తమ మడికి నీరు వచ్చునో, ఏ మత్తడి మీదుగా ఏ వాగులోనికి పోవునో చెప్పగలవారు వారిలో ఎందఱున్నారో మీరే లెక్కింపుడు.

దూరము పోనక్కఱలేదు. మొదట సిద్ధులగుట్ట నెక్కుడు. నల్లని బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఆ గుట్టమీద నవనాథసిద్ధులు తపస్సు చేసిరనియు, ఆఱును మూడును కలిసిన తొమ్మండుగురి మూలముననే ఊరికి ఆర్మూరను పేరు వచ్చెననియు చెప్పుదురు. ఆ వ్యుత్పత్తి సరియో కాదో పండితులు చూచుకొందురుగాక. ప్రాతఃకాలమున ఆ బండపై నిలిచినవానికి పసుపుచేలును, వాని నడుమ చెఱువులును కనబడును; తన ఊరు ఏ పల్లములో నున్నదో అప్పుడు మొదటిసారిగా తెలియును.

ఈ జిల్లాకు నీటిభాగ్యము తక్కువ కాదు. మంజీరపై నిజాంసాగరమును 1923లో ఆరంభించి 1931లో ముగించిరి. గోదావరిపై పోచంపాడు ప్రాజెక్టునకు 1963లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. దానినే ఇప్పుడు శ్రీరాంసాగర మనుచున్నాము. కందకుర్తియొద్ద మంజీర గోదావరిలో కలియును. దక్షిణముగా మెదకు సరిహద్దున, ఒకప్పుడు నిజాముల వేటస్థలముగా నుండిన పోచారము అడవి 1952లో వన్యమృగరక్షితస్థల మయ్యెను. ఏలినవారి తుపాకికి లక్ష్యమైన మృగములు చట్టమువలన అభయము పొందినవి.

ఐనను నా మనస్సు శ్రీరాంసాగరపు వెనుకనీటియొద్దనే నిలుచును. కారణము చెప్పెదను. కొన్నియేండ్లక్రిందట వేసవి మొదట నేనును, నా మనుమడును రెండు సైకిళ్ళపై వేకువనే బయలుదేరితిమి. పెర్కిటు మీదుగాపోవు పెద్దరోడ్డు సైకిలువానికి తగినది కాదు. కాశ్మీరమునుండి కన్యాకుమారికి పోవు లారీలు దానిపై గాలివలె పోవుచుండును. అందుచేత ఆలూరుదారిని నందిపేటవైపు పోతిమి. ఒక యూరి కుక్క మావెంట పడినది. పిల్లవాడు ముచ్చటపడి రొట్టెముక్క వేసెను. అది మమ్ము విడువలేదు. నేనును వారింపలేదు.

నీరు తీసిపోయినచోట భూమి విశాలమైన మైదానమువలె నుండెను. ముంపులో పోయిన యూళ్ళ పొలములవి. పైన ఎండి పగిలి గట్టిగా కనబడుటచే, నాకు తెలియనిదేమున్నదను గర్వముతో నేను ముందుగా సైకిలు తోలితిని. ఇరువదిగజములు పోకమునుపే ముందుచక్రము దిగబడెను. నేను దిగితిని, నా కాళ్ళు మోకాళ్ళవఱకు దిగెను. పిల్లవాడు ఏడ్పుముఖము పెట్టెను. దూరమున గొఱ్ఱెలు మేపుకొనుచున్న వృద్ధుడొకడు పరుగున వచ్చి, భుజముపైనున్న గొంగడి బురదపై పఱచి, కఱ్ఱ అందిచ్చి నన్ను లాగెను. తరువాత నెమ్మదిగా ఇట్లనెను: “పటేలా, పెద్ద పర్రెలున్న కాడ పైననే ఎండుతది, కింద బురదనే. గొర్రెలు నడిచిన జాడ పట్టుకొని రా.” అరువదియేండ్లు వ్యవసాయము చేసిన నాకు ఈ సంగతి ఒకడు చెప్పవలసివచ్చెను.

ఆయనయే మాకు జింకలను చూపెను. నీరు తీసిన నేలపై మొలచిన లేతపచ్చికలో కృష్ణజింకల మంద మేయుచుండెను. నల్లనివీపును, తెల్లనిపొట్టయు, మెలితిరిగిన పొడవుకొమ్ములునుగల పోతు ఒకటి తల యెత్తి మమ్ము చూచుచుండెను. చుట్టును గోధుమవన్నె ఆడుజింకలు. మనుమడు ఊపిరి బిగపట్టి లెక్కించుచుండెను. ఇంతలో మావెంట వచ్చిన కుక్క మొఱుగుచు వానిమీదికి ఉఱికెను. మంద చెదరి నీటివైపునకు, నేను దిగబడిన అట్టి మెత్తనినేలకే పరుగెత్తెను. కాపరి వ్రేళ్ళు నోటబెట్టి ఈలవేసి, తన కుక్కలను పిలుచునట్లే పిలువగా అది ఆగెను. జింకలు అంచుననే మరలినవి. “పోయిన యెండకాలం ఒకటి గిట్లనే దిగబడె, కుక్కలు సగం తిన్నయి” అని ఆయన చెప్పెను. నాకు మాటరాలేదు. పిల్లవాడు దారిపొడుగునను నాతో మాటలాడలేదు.

జింకలు తమ సెనగను, జొన్నను మేయుచున్నవని ఒడ్డుగ్రామములవారు మొఱపెట్టుట నేనెఱుగుదును. ఆ మొఱ అబద్ధము కాదు. పంటనష్టమునకు అటవీశాఖవారు పరిహార మిచ్చు నియమము కలదు. కాగితములు వ్రాసి, ఫోటోలు తీసి, వెంటబడి అడుగవలయును. కొన్నిచోట్ల చేనిచుట్టు కరెంటుతీగ కట్టుచున్నారు. అది జింకకన్న ముందు, రాత్రి నీరుపెట్టబోయిన మన పిల్లవానినే చంపవచ్చును. కృష్ణజింకను చంపుట 1972నాటి చట్టముప్రకారము గొప్పనేరము కూడను.

ఇంగ్లండుదేశమున ఒకప్పుడు కొండబయళ్ళు జమీందారుల వేటకొఱకు మూయబడియుండెను. 1932లో మిల్లుకూలీలు మొదలగువారు వందలకొలది కూడి కిండర్‌స్కౌటను కొండపైకి నిషేధమును లెక్కింపక నడచిరి. వారిలో ఐదుగురు చెఱసాలకు పోయిరి. 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చెను. 1951లో ఆ కొండప్రాంతమును, వేఱుగానున్న సరస్సుల ప్రాంతమును జాతీయోద్యానము లయ్యెను. వారు నడచుటకై చెఱసాలకు పోవలసివచ్చెను. మనల నెవరును ఆపలేదు. మన కట్టలపై తుమ్మలు మొలచి, శిఖము భూములు ఒకరొకరి చేతిక్రిందికి పోయి, బాటలు తామే మూసికొనుచున్నవి. 2015నుండి మిషన్ కాకతీయ క్రింద అనేకములైన కట్టలను బాగుచేసిరి. నడచువారు లేని కట్ట మరల ముండ్లకట్ట యగుట నేను మా యూరనే చూచితిని.

మన యూళ్ళలో గ్రామాభివృద్ధి కమిటీమాటకు ఎంత బలమున్నదో నేను చెప్పనక్కఱలేదు. ఆ బలమును కొన్నిసార్లు పనికిరాని తగవులకు వాడుచున్నారనియు మీకు తెలియును. ఒక్కసారి దానిని ఇందుకు వాడి చూడుడు: కట్టపై బండి పట్టునంత బాట విడువవలయుననియు, ఒడ్డుగ్రామములలో వేసవియందు కుక్కలను కట్టివేయవలయుననియు తీర్మానింపుడు. తుమ్మలు కొట్టించుటకు అయ్యెడి ఖర్చు ఒక విందు ఖర్చునకు మించదు.

పోదలచినవారికి రెండుమాటలు. తెల్లవాఱకమునుపే బయలుదేరి, పదిగంటలకు నీడకు చేరుకొనుడు. నీళ్ళును, పంక్చరు సామానును, గాలిపంపును వెంటనుంచుకొనుడు. వెంటవచ్చు కుక్కను మొదటి యూరనే మరలింపుడు. మెత్తనినేలపై సైకిలు దిగి, గొఱ్ఱెజాడ పట్టుకొని నడువుడు.

మరుసటియేడు నా మనుమడు తానే సైకిలు తుడిచి వాకిట నిలిపెను. సంచిలో రొట్టెలు లేవు. “కాపరితాతకు కొత్త గొంగడి తీసుకుపోదాం” అనెను. నందిపేటవైపు పోయితిమి; గొఱ్ఱెలు కనబడినవి కాని వాని వెంటనున్నది వేఱొకడు. గొంగడి అతనిచేత నుంచి, నీటియొడ్డుననే కూర్చుండి, పిల్లవాడు ఆ యుదయము ముప్పదియొక్క జింకలను లెక్కించెను.