వేసవి సెలవులు, కుటుంబ ప్రయాణం – తల్లిదండ్రుల బాధ్యత

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా!

బడులకు వేసవి సెలవులు వచ్చాయి. జూన్ రెండో వారం వరకు మన పిల్లలు రోజంతా మన కళ్ళెదుటే ఉంటారు. ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ సెలవుల్లో ఆ రెండు అనుగ్రహాలూ మన పిల్లల చేతిలో ఉన్నాయి. వాటిని వినియోగించే బాధ్యత మాత్రం మనది.

మనలో కొందరు నానీ, దాదీల ఊళ్ళకు వెళతారు. కొందరు అరకు లోయకో, గండికోటకో, హైదరాబాదుకో బయలుదేరుతారు. ఒక వ్యక్తి మంచివాడని సాక్ష్యమిచ్చిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి), అతనితో కలిసి ఎప్పుడైనా ప్రయాణం చేశావా అని అడిగినట్లు ఉల్లేఖనం ఉంది. ఇంట్లో దాగి ఉండే స్వభావం దారిలో బయటపడుతుంది. మన ప్రయాణంలో ఆ స్వభావాన్ని దగ్గరగా చూసే సాక్షులు ఎవరు? మన పక్కన కూర్చున్న పసిపిల్లలే.

ఒక్క టికెట్టు విషయమే తీసుకోండి. రైల్వే నిబంధన ప్రకారం 5 ఏళ్ళు నిండని పిల్లలకు విడిగా బెర్తు కోరకపోతే ఛార్జీ లేదు. 5 నుంచి 12 ఏళ్ళ లోపు వారికి బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ చెల్లించాలి. ఆరేళ్ళు నిండిన అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకొని, వీడికి ఇంకా నాలుగేళ్ళే అని తండ్రి టికెట్టు తనిఖీ అధికారితో చెబితే ఏం జరుగుతుంది? కొన్ని వందల రూపాయలు మిగులుతాయి. కానీ తన వయసు తనకు తెలిసిన ఆ పిల్లవాడు, అవసరం పడితే నాన్న అబద్ధం చెబుతాడని ఆ రోజే నేర్చుకుంటాడు. ఆ తర్వాత మనం సత్యం గురించి ఎన్ని సూక్తులు చెప్పినా ఆ పాఠం చెరిగిపోదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తమ బాల్యంలో జరిగిన సంఘటన ఒకటి తెలిపారు. ఆయన తల్లి, ఇలా రా, నీకొకటి ఇస్తానని పిలిచారు. అప్పుడు వారి ఇంట్లో ఉన్న దైవప్రవక్త (సఅసం), పిల్లవాడికి ఏమివ్వాలనుకున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె జవాబిచ్చారు. ఏమీ ఇవ్వకుండా ఉంటే అది నీ పేరిట ఒక అబద్ధంగా వ్రాయబడేదని ఆయన తెలియజేశారు. పసివాణ్ణి పిలవడానికి వాడే మాట విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, వాడి ముందు మనం ఇతరులతో చెప్పే అబద్ధం సంగతేమిటి?

సోదరులారా! ప్రయాణానికి ముందు సంప్రదింపు అవసరం. పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదించుకొని నిర్ణయించుకోవాలని దివ్య ఖుర్ఆన్ ‘అల్ బఖరా’ సూరా 233వ ఆయతు సూచిస్తోంది. అలాంటప్పుడు చంటిబిడ్డతో ఎంత దూరం వెళ్ళాలి, ఎంత ఖర్చు చేయాలి అన్నది తండ్రి ఒక్కడే ఆజ్ఞాపించే విషయం కాదు. ఇరుగుపొరుగు వెళ్ళారు కనుక మనమూ వెళ్ళాలని వడ్డీకి అప్పు చేయడం మన మార్గం కాదు.

మన ప్రాంతపు ఎండ మీకు తెలిసిందే. ఒక ప్రయాణంలో ముఅజ్జిన్ జుహ్ర్ అజాన్ ఇవ్వబోతే, కాస్త చల్లబడనివ్వమని దైవప్రవక్త (సఅసం) ఆపారు. గుట్టల నీడలు కనిపించేదాకా వేచి ఉన్నారు. నమాజు విషయంలోనే ఈ దయ చూపిన ధర్మం, మిట్టమధ్యాహ్నం పసిపిల్లలను కోటల చుట్టూ తిప్పమంటుందా? ఉదయం, సాయంత్రం చూడండి. మధ్యాహ్నం నీడలో ఉంచండి, అడగకముందే నీళ్ళు ఇవ్వండి. ఆగి ఉన్న కారులో బిడ్డను ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలకండి. నదీ తీరాన, సముద్ర తీరాన పిల్లలపై నుంచి చూపు మరల్చకండి. వారు మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు.

దారిలో ఆలస్యాలు తప్పవు. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం పోతే, దాన్ని వెతకడానికి దైవప్రవక్త (సఅసం) ఆగిపోయారు, వారితో జనమంతా ఆగిపోయారు. అక్కడ నీళ్ళు లేవు. ఆ సందర్భంలోనే తయమ్ముమ్ ఆదేశం అవతరించింది. చిన్నపిల్ల బొమ్మ పోయిందనో, వాంతి చేసుకుందనో దారిలో భార్యపై అరిచే తండ్రి ఈ సంఘటనను జ్ఞాపకం చేసుకోవాలి.

నమాజును ప్రయాణం రద్దు చేయదు, తేలిక చేస్తుంది. షరీఅత్ నిర్ణయించిన దూరం దాటిన ప్రయాణికుడు జుహ్ర్, అస్ర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. ఈ సౌలభ్యాన్ని పిల్లలకు వివరించండి. ఎత్తు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అనడం సహచరుల అలవాటు. అరకు ఘాట్ రోడ్డుపై మన పిల్లలకు అది ఆటలా అలవడుతుంది, ఆరాధనగా నిలిచిపోతుంది.

ఎక్కడికీ వెళ్ళే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోవద్దు. రక్తసంబంధాన్ని కలుపుకునేవారికి ఉపాధిలో, ఆయుష్షులో వృద్ధి ఉంటుందని శుభవార్త ఉంది. పక్క వీధిలోని మేనత్త ఇంటికి నడిచి వెళ్ళినా అది పుణ్యప్రయాణమే. ఉదయం మస్జిద్‌లో కొంతసేపు ఖుర్ఆన్ పఠనం, సాయంత్రం తోటివారితో ఆట, గోడ మీద పిట్టలకు నీళ్ళ మూకుడు పెట్టే పని – ఇవి చాలు, పిల్లల సెలవులు సార్థకం కావడానికి. దైవప్రవక్త (సఅసం) ఒక పసివాడిని, అతని చిన్న పిట్ట ఏమైందని ఆప్యాయంగా పలకరించేవారు. రోజూ కాసేపు సెల్‌ఫోన్ పక్కన పెట్టి మనమూ మన పిల్లలను అలా పలకరిద్దాం.

ప్రయాణికుని దుఆ, సంతానం కోసం తల్లిదండ్రులు చేసే దుఆ స్వీకృతమయ్యేవని హదీసు తెలుపుతోంది. పిల్లలతో ప్రయాణించే తల్లిదండ్రులకు ఆ రెండూ ఒకేచోట లభిస్తాయి. ఆ అవకాశాన్ని జారవిడుచుకోకండి.

ఓ అల్లాహ్! మా ప్రయాణాలను క్షేమకరం చెయ్యి. మా పిల్లలు మాలో చూసేది సత్యమే అయ్యేలా మమ్మల్ని తీర్చిదిద్దు. వారిని మా కళ్ళకు చల్లదనంగా చెయ్యి. ఆమీన్.