గొడ్ల కొట్టమునకు ఎండ వెలుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడవలెనని కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి చెప్పినప్పుడు గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుమందురేమోనని భయపడితిని. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన చరిత్రను నాకంటె చక్కగ చెప్పగలవారు ఈ వేదికపైననే ఉన్నారు. కార్యదర్శిగారు నవ్వి, "అవి వారు చెప్పుతారు. మీరు మీ కొట్టము సంగతి చెప్పండి" అనిరి. నేను పండితుడను కాను. కొంత మాగాణి, కొంత మామిడితోట, ఐదు గేదెలు గల రైతును. నా గొడ్ల కొట్టములో ఎండ నుండి కరెంటు పుట్టించుకొన్న వైనమును, అందు నేను చేసిన తప్పులతో సహా, మీకు విన్నవించెదను.

నా కొట్టము ఊరికి దూరముగ, అడవి వైపున, వాగు గట్టు మీద ఉన్నది. అచటికి కరెంటు స్తంభము లేదు. మన ప్రాంతపు నేల క్రింద బొగ్గు ఉన్నది. ఇల్లెందులో పందొమ్మిదవ శతాబ్దము చివరనుండియే త్రవ్విరి. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడినది. 1966లో పాల్వంచ విద్యుత్కేంద్రము పని మొదలుపెట్టినది. సత్తుపల్లి బొగ్గు గనులు మనకు పొరుగుననే ఉన్నవి. ఇన్ని ఉండియు, తెల్లవారుజామున 4 గంటలకు మా ఇల్లాలు పాలు పిండుటకు పోవునప్పుడు చేతిలో కిరసనాయిలు లాంతరే ఉండెడిది. వానకాలమున ఎండుగడ్డిలో కట్లపాము చేరును. చీకటిలో గడ్డికి చేయి చాపుట ఎట్టిదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

అందుచేత నేను ఒక వానకాలమున పొరుగు చేని మోటారు డబ్బానుండి వెదురు బొంగుల మీదుగ తీగ లాగితిని. "రెండు దీపములేకదా" అనుకొంటిని. ఆ తీగకు అతుకులు నాలుగు ఉండెను. ఒకనాటి రాత్రి గాలివానకు ఒక బొంగు ఒరిగి, తీగ కొట్టపు ఇనుప స్తంభమునకు ఆనినది. ఉదయమున వెళ్ళి చూచుసరికి ఆ స్తంభమునకు కట్టిన చూడిగేదె కాళ్ళు చాచి పడియున్నది. మా ఇల్లాలు నాకంటె పది అడుగులు ముందు నడచుచుండెను. ఆమె గేదెను తాకబోగా నేను వెనుకనుండి అరచితిని. ఆ కేక ఒక్క క్షణము ఆలస్యమైనచో నేడు ఈ సభలో నిలుచుటకు నాకు మొగము ఉండెడిది కాదు. తప్పు ముమ్మాటికిని నాది. తీగ ఆ దినముననే తీసివేసితిని, మరల లాంతరు చేత పట్టితిమి.

సోలారు పలకల సంగతి అప్పటికి నాకు తెలియనిది కాదు. వెలుతురు పడిన కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశపు బెకరెల్ 1839లో కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికానుతో చేసిన ఘటము తనపై పడిన ఎండలో నూటికి 6 పాళ్ళు మాత్రమే కరెంటుగ మార్చెను. నేడు అంగడిలో దొరకు మామూలు పలక 20 పాళ్ళు మార్చుచున్నది. మన దేశమున సాహిబాబాదులోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థవారు 1977లో తొలి ఘటమును తయారుచేసిరి. ఇదియంతయు చదివితిని. కాని చదివినది వేరు, అంగడికి పోయి నిలుచుట వేరు.

అంగడిలో నేను మొదట అడిగిన ప్రశ్నయే తప్పు. "ఒక కొట్టమునకు సరిపడు సోలారు ఎంత?" అని అడిగితిని. వారు 100 వాట్ల పలక ఒకటి, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒకటి, ఇన్వర్టరు ఒకటి ఇచ్చిరి. నెల దినములు దివ్యముగ వెలిగినది. తరువాత అర్ధరాత్రి వేళ ఆరిపోసాగెను. బ్యాటరీ చిన్నదేమో అనుకొని మరియొకటి కొంటిని. బావిలో ఊట లేనప్పుడు ఇంటికి రెండవ కాగు తెచ్చినవాని తెలివి అది. పదునాలుగు నెలలలో రెండు బ్యాటరీలును చచ్చినవి.

కారణము కనిపెట్టినది నేను కాదు. మా అన్న మనుమరాలు పాలిటెక్నిక్ చదువుచున్నది. సెలవులకు వచ్చిన ఆ పిల్ల చిన్న మీటరు ఒకటి తెచ్చి, దీపములన్నియు ఆర్పించి, బ్యాటరీ తీగకు పెట్టి చూచినది. "తాతా, ఒక్క దీపము కూడ వెలగడం లేదు. అయినా ఒక ఆంపియర్ పోతున్నది. ఎక్కడికి పోతున్నదో చెప్పు" అన్నది. ఇన్వర్టరు తాను మేలుకొనియుండుటకే తినుచున్నదట. 12 వోల్టుల వద్ద 1 ఆంపియరు అనగా 12 వాట్లు, 24 గంటలకు 288 వాటు-గంటలు. నా దీపములన్నియు కలిసి దినమునకు 210 మాత్రమే వాడుకొనుచున్నవి. పని చేయని ఎద్దునకు, పని చేయు ఎద్దుకంటె ఎక్కువ దాణా పెట్టితినన్నమాట!

అప్పుడు ఆ పిల్ల నన్ను కూర్చుండబెట్టి లెక్క వ్రాయించినది. మీలో ఎవరైన ఈ పనికి పూనుకొన్నచో ఈ లెక్కనుండియే మొదలుపెట్టుడు. దీపములు నాలుగు, ఒక్కొక్కటి 9 వాట్లు. ఉదయము 2 గంటలు, సాయంకాలము 3 గంటలు. వెరసి 180 వాటు-గంటలు. రాత్రియంతయు వెలుగు చిన్న దీపము 3 వాట్లు, 10 గంటలకు 30. దోమలు పోవుటకు 28 వాట్ల ఫంకా 6 గంటలు తిరిగినచో 168. ఫోనులకును చేతిలైటునకును 22. ఇంతవరకు 400. మందు కొట్టు బ్యాటరీ పంపునకు నింపవలసినచో మరియొక 100. మొత్తము దినమునకు 500 వాటు-గంటలు.

ఇక రాబడి. మన ప్రాంతమున ఏడాది సగటున దినమునకు సుమారు 5 గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు పడును. తీగలలో, బ్యాటరీలో, వేడిమిలో, దుమ్ములో పోగా నూటికి 70 పాళ్ళు చేతికి వచ్చునని ఎంచవలెను. నా 100 వాట్ల పలక ఇచ్చినది 350. ఇన్వర్టరు తిండితో కలిపి, మందు పంపు లేకుండగనే, ఖర్చు 688. ఇట్టి సంసారము ఎన్ని నెలలు సాగును? పైగా సీసపు బ్యాటరీని ఎన్నడును నిండనీయక సగములో ఉంచినచో, దాని పలకలపై పుట్టిన సీసపు సల్ఫేటు గట్టిపడి మరల కరగదు. నా బ్యాటరీలు చచ్చినది వయసు చేత కాదు, ఆకలి చేత.

రెండవసారి ఇన్వర్టరు మానితిని. 12 వోల్టులతోనే వెలుగు దీపములను, ఫంకాను తెచ్చితిని. 165 వాట్ల పలకలు రెండు, 30 ఆంపియర్ల ఛార్జి కంట్రోలరు ఒకటి, 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ ఒకటి కొంటిని. పలకలు రెండును కలిసి మంచి ఎండలో 1155 వాటు-గంటలు ఇచ్చును. ముసురు పట్టి ఎండ 2 గంటలకు పడిపోయినను 462 వచ్చును. ఆ బ్యాటరీలో 1800 పట్టును, కాని సగము మాత్రమే వాడవలెను. ఆ 900 దాదాపు రెండు రాత్రులకు వచ్చును. లిథియము బ్యాటరీ ఐనచో నూటికి 80 వరకు వాడుకొనవచ్చును, ఎక్కువ కాలము మన్నును, వెల మాత్రము ఎక్కువ. ఈ రెండవసారి ఖర్చంతయు ఒక మంచి పాడిగేదె వెలలో సగమునకు లోపుగనే తేలినది. మొదటి రెండు బ్యాటరీల డబ్బును ఇందులో చేర్చలేదు. అది నేను చెల్లించిన చదువు జీతము.

గడ్డి కోయు యంత్రము దీనిపై నడచునా అని చాలమంది అడుగుచున్నారు. నడవదు. 2 అశ్వశక్తుల మోటారునకు 1500 వాట్లు కావలెను. అరగంట తిప్పినచో 750 వాటు-గంటలు, అనగా నా కొట్టమునకు ఒకటిన్నర దినముల గ్రాసము. నేను ఇప్పటికిని గడ్డి కత్తితోనే కోయుచున్నాను.

పలకలను దక్షిణాభిముఖముగ నిలిపితిని. దక్షిణపు ముఖము మంచిది కాదని ఒక పెద్దాయన వారించిరి. సూర్యునకు వాస్తు చెప్పుటకు నాకు ధైర్యము చాలక ఊరకుంటిని. కల్లూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 17 డిగ్రీలలో ఉన్నది. పలక వాలు కూడ అంతియే పెట్టితిని. ఒక వింత ఉన్నది. మే రెండవ వారమునుండి ఆగస్టు మొదటి వారము వరకు మధ్యాహ్న సూర్యుడు మన నెత్తికి ఉత్తరముగ పోవును. పిల్లలు ఒక కర్ర పాతి నీడను చూడవచ్చును. డిసెంబరులో సూర్యుడు దక్షిణమున క్రిందుగ నడచుటచేత మా వేపచెట్టు నీడ పొడవై పలక మూలను తాకినది. మూల మాత్రమే కదా అనుకొంటిని, రాబడి సగమునకు పడిపోయెను. కొమ్మ కొట్టించితిని. మరియొక మాట: రోహిణికార్తె ఎండలో పలక మిక్కిలి ఎక్కువ ఇచ్చునని అనుకొనకుడు. వేడి ఎక్కినకొలది దాని శక్తి తగ్గును. ఘటపు వేడి 25 డిగ్రీలు దాటిన పిదప డిగ్రీకి నూటికి దాదాపు 0.4 పాళ్ళు పోవును.

కొట్టము ఇల్లు వంటిది కాదు. గొడ్ల మూత్రపు ఘాటునకు రాగి పచ్చబడి అతుకులు తినివేయబడును. అందుచేత బ్యాటరీని, కంట్రోలరును కొట్టము వెలుపల గాలి ఆడు చిన్న గదిలో ఉంచితిని. సీసపు బ్యాటరీ నిండునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడును. దాని ప్రక్కన గడ్డివామి ఉండరాదు. బ్యాటరీ ధన ధ్రువమునకు జానెడు దూరములోనే ఫ్యూజు పెట్టితిని. ఎలుకలు కొరుకకుండ తీగలను గొట్టములలో నడిపితిని. కోతుల బాధ మీకందరకు తెలిసినదే. పలకలను కప్పుపై కాక పది అడుగుల ఇనుప స్తంభముపై నిలిపి, కొబ్బరిచెట్టునకు ఎలుకల కొరకు చుట్టినట్లు నున్నని రేకు చుట్టితిని. ఇప్పటికి ఒక్కటియు ఎక్కలేదు.

తీగ సంగతి ఇచటి బీరువాలోని తెలుగు అకాడమీవారి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రమున ఓమ్ నియమము చదివి తెలిసికొంటిని. గదినుండి దీపములకు 20 మీటర్లు, పోవ రాను 40. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 3 ఆంపియర్లు పారినచో దాదాపు ఒకటిన్నర వోల్టు దారిలోనే పోవును. 230 వోల్టులలో అది లెక్కకు రాదు, 12లో ఎనిమిదవ వంతు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసిన పిమ్మట నష్టము అర వోల్టునకు తగ్గినది.

అడవి అంచున ఉన్నవారము గనుక ఇంకొక మాట చెప్పక తీరదు. అడవిపందులకని చేని చుట్టు నేరుగ కరెంటు తీగ కట్టువారు ఇంకను ఉన్నారు. దానికి మనుషులు బలియైరి, మన రాష్ట్రపు అడవులలో పులులును చచ్చినవి. అది చట్టరీత్యా నేరము. సోలారు కంచె అని అమ్మునది వేరు: అందులో ఒక యంత్రము సుమారు సెకనునకొకసారి క్షణమాత్రపు తాకిడిని పంపును, జంతువు బెదరి పోవునే గాని చావదు. ఆ యంత్రము లేక పలకనుండియో బ్యాటరీనుండియో ఇన్వర్టరు ద్వారా తీగ లాగినచో అది పాత యమపాశమే. గేదెను పోగొట్టుకొన్నవాడను గనుక ఇంత గట్టిగ చెప్పుచున్నాను.

భద్రాచలము దారిలో లోపలి గూడెములకు స్తంభములు నాటవలెనన్న అటవీ అనుమతి కావలెను. అట్టిచోట్ల తీగ లేని కరెంటు తప్ప దారి కనబడదు. పోడు పట్టాల గిరిజన రైతులకు సోలారు పంపులు ఇచ్చుటకు 2025లో రాష్ట్ర ప్రభుత్వము ఇందిర సౌర గిరి జల వికాస పథకమును ప్రారంభించినది. మంచి పని. అయితే పంపు ఇచ్చినవారు మరుసటి ఏడు ఫ్యూజు పోయినప్పుడు రారు. దానిని చూడగల చేయి ఆ గూడెములోనే ఉండవలెను.

పలకకు 25 ఏండ్ల హామీ ఇచ్చెదరు, అనగా ఒక రజతోత్సవము. బ్యాటరీకి నాలుగైదేండ్లు నిండిననే గొప్ప. కావున నేను ప్రతిదినము ఉదయమున బ్యాటరీ వోల్టులను ఒక నోటుపుస్తకములో వ్రాయుచున్నాను. నెలకొకసారి బ్యాటరీ నీళ్ళు చూచెదను. పదిదినములకొకసారి, ఎండ ఎక్కకముందు, పలకలను తడిగుడ్డతో తుడిచెదను. రెండేండ్లైనది, ఆరిన రాత్రులు మూడే, మూడును ముసురు దినములవే.

కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ గ్రంథాలయము పుస్తకమును ఎరువిచ్చినట్లే మీటరును కూడ పదిదినములకు ఎరువియ్యవలెను. మన చుట్టుప్రక్కల కొట్టములలో నావలెనే కాగు మీద కాగు కొనుచున్నవారు ఎందరో ఉన్నారు. వారికి ఊట చూపు పరికరము అది. దాని వెంట ఒక నోటుపుస్తకము ఉంచినచో, తీసికొన్న ప్రతివారును తమ కొట్టములో చూచిన అంకెలను అందులో వ్రాసి తిరిగి ఇత్తురు. మొదటి పుటలలో నా రెండేండ్ల లెక్కను ఎత్తి వ్రాసి తెచ్చితిని. మీటరును కూడ తెచ్చితిని. వాడు విధమును మా మనుమరాలు సభానంతరము చూపగలదు. దీనిని పుస్తకముల పట్టికలో ఏ సంఖ్య క్రింద చేర్చవలెనో గ్రంథాలయాధికారిగారు నిర్ణయింతురు గాక. సెలవు.