మలుపులో నిలకడ
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



2022వ సంవత్సరమున బీజింగు శీతకాల ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున పాల్గొన్న క్రీడాకారుడు ఒక్కరే: కాశ్మీరమునకు చెందిన ఆరిఫ్ ఖాన్. స్కీలను కాళ్లకు బిగించుకొని, మంచువాలుపై పాతిన గడల నడుమ మెలికలు తిరుగుచు దిగు జెయింట్ స్లాలమ్ పందెమున ఆయనకు 45వ స్థానము లభించెను. మంచు నెరుగని కోలారు బంగారు గనుల పిల్లలకు ఈ ముచ్చట యేల యని మీరడుగవచ్చును. మంచు లేకున్నను మలుపులు మనకును గలవు.

నా బాల్యమున ఛాంపియన్ రీఫ్ నుండి రాబర్ట్‌సన్‌పేటకు సైకిలుపై వేగముగా పోవుచు ఒక మలుపువద్ద భయపడి దేహమును నిటారుగా బిగించితిని. సైకిలు తిరుగక తిన్నగా కాలువలోనికి పోయెను, చేయి విరిగెను. గనిలో పనిచేయు మా నాయన ఒక సంవత్సరము సైకిలునకు తాళము వేసెను. నేను పడుటకు కారణమును మాత్రము ఎవ్వరును చెప్పలేదు.

కారణమిది. కదలుచున్న వస్తువు తిన్నగానే పోవజూచును. దానిని మరల్చుటకు లోపలివైపు బలము కావలయును. దానిని నేలయే ఇయ్యవలయును: సైకిలునకు టైరు రాపిడి వలనను, స్కీకి మంచులో దిగిన అంచు వలనను అది లభించును. ఆ బలము క్రిందిభాగమును లోపలికి నెట్టును గనుక నిటారుగా నున్నవాడు వెలుపలికి పడును. లోపలికి వాలినవాడు నిలుచును.

వేగము రెట్టింపైనచో కావలసిన బలము నాలుగింతలగును. 30 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో, సమతలమని లెక్కించినచో, సెకనుకు 10 మీటర్ల వేగమునకు సుమారు 19 డిగ్రీలు వాలిన చాలును. 20 మీటర్ల వేగమునకు 53 డిగ్రీలకు పైగా వాలవలయును. అప్పుడు 70 కిలోల మనిషి కాళ్లపై దాదాపు 118 కిలోల భారము పడును. అందు అధికభాగమును వెలుపలి కాలే మోయును. నేర్పరి తుంటిని, మోకాళ్లను లోపలికి వంచి, ఛాతీని కొంత వెలుపలివైపు నిలుపును. అందుచే బరువు వెలుపలి స్కీపై నిలిచి, అంచు మంచును పట్టును. ఆ పట్టు తప్పి మోకాలు మెలిపడినచో కీలులోని బంధకము తెగును. ఈ క్రీడలో తరచు కలుగు గాయమదియే.

గనులు 2001లో మూతపడినను సైనైడు దిబ్బల ఇసుక గాలికి లేచి బాటలపై పడుచునే యున్నది. ఇసుకపై టైరునకు పట్టుండదు. అచ్చట వాలినవాడును జారును. కనుక మలుపునకు ముందే వేగము తగ్గించుట నేర్పుడు. ఆ దిబ్బలపై జారుడాటలను మాత్రము తప్పక వారింపుడు. అది మంచు కాదు. సైనైడుతో బంగారము తీయగా మిగిలిన మట్టి.

తల్లిదండ్రులారా! బిడ్డ పడినప్పుడు కట్టుకట్టించుడు. సైకిలునకు తాళము వేయకుడు. పడిన కారణమును మన తెలుగుననే వివరింపుడు. మీకు తెలియనిచో మా యొద్దకు పంపుడు. కారణమెరిగిన బిడ్డ మరల మలుపు వచ్చినప్పుడు బిగుసుకొనడు.

సెలవు.