పొరుగువాని బిడ్డ హక్కు

ఈ వారము యౌవనస్థుల తలిదండ్రులతోను, సండేస్కూలు టీచర్లతోను మాట్లాడాలని ఆశపడుచున్నాను.

“అయ్యగారూ, పిల్లలకు హక్కులు నేర్పితే ఎదురు తిరుగుతారు, వాక్యము చాలదా?” అని పెద్దలు అంటుంటారు. అలాగైతే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరవండి. ఫిలిప్పీలో పౌలును, సీలను విచారణ లేకుండా కొట్టించి చెరసాలలో వేశారు. మరునాడు రహస్యముగా పంపివేయబోతే పౌలు ఒప్పుకోలేదు. తాము రోమీయులమని చెప్పి, అధికారులే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవాలన్నాడు. ఆ ఊరిలో అప్పుడే పుట్టిన చిన్న సంఘానికి అది ఎంత కాపుదలో ఆలోచించండి.

అయితే “నా హక్కు” ఒక్కటే నేర్పితే? ఉత్తర ఐర్లండును చూడండి. 1960ల చివరినుండి 1998 వరకు అక్కడ జరిగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. అటు ప్రొటెస్టంటులు, ఇటు కాథలిక్కులు. ఇద్దరి చేతిలోను బైబిలే! తగవు సిద్ధాంతము గురించి కాదు. బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండుతో కలవాలా అన్నది తగవు. దాని వెనుక ఇళ్ల కేటాయింపులో, ఉద్యోగాలలో, స్థానిక ఎన్నికల ఓటులో కాథలిక్కులకు జరిగిన అన్యాయమున్నది. 1968లో పౌరహక్కుల ఊరేగింపులు అందుకే బయలుదేరాయి. పిల్లలలో ఎక్కువమందికి వీధి వేరు, బడి వేరు, చివరికి ఆట కూడా వేరు. తమవారికి జరిగిన అన్యాయము మాత్రము ఇరువైపులా పిల్లలకు కంఠతా వచ్చు. అవతలివారిది ఎవరు చెబుతారు?

1981లో చెరసాలలో నిరాహారదీక్ష చేసి 10 మంది ఖైదీలు చనిపోయారు. వీధులు మండుచున్నవి. ఆ సెప్టెంబరులోనే బెల్‌ఫాస్ట్‌లో కొందరు తలిదండ్రులు లాగన్ కాలేజ్ తెరిచారు. పేరుకు కాలేజ్ గాని, అది హైస్కూలు. ఒక స్కౌట్ల హాలు, 28 మంది పిల్లలు, ఇరువైపులవారు కలిసి. మొదట ప్రభుత్వపు డబ్బు లేదు. సంఘ నాయకులలో పలువురికి ఇష్టమూ లేదు. ఈ మాట సంఘములో ఉన్న మనకు సిగ్గుగానే ఉండాలి.

1998లో శుభ శుక్రవారము నాడే శాంతి ఒప్పందము కుదిరింది. 2007 నుండి అక్కడి హైస్కూలు పాఠ్యప్రణాళికలో పౌరసత్వ పాఠము చేరింది. అందులో మానవ హక్కులు, సామాజిక బాధ్యత రెండూ ఒకే అంశముగా పెట్టారు. మంచి జత అది! అయినను నేటికీ కలిసి చదివే ఆ బడులలో ఉన్న పిల్లలు పదిమందిలో ఒకరికంటె తక్కువే. దూరదేశపు అన్యాయము బోధించుట సులభము. తమ వీధిలో జరిగింది ఎత్తితే టీచరుకు గొంతు తడారిపోతుంది.

మనకును అంతే. 1991లో, అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాలులో కాలు తగిలిందన్న తగవు పెరిగి, ఆగస్టు 6న 8 మంది దళితులు హతులయ్యారు. ఆ తగవుకు మొదలు ఒక యౌవనస్థుడి కాలు. మన యౌవన కూటములలో ఎన్నింటిలో ఈ సంగతి ఎత్తాము? మన సంఘాలలోనే పెళ్లి సంబంధము మాట వచ్చేసరికి ఏమి అడుగుతామో పిల్లలు వినడము లేదా?

1948 మానవ హక్కుల ప్రకటన 26వ అధికరణ చదువుకు ఒక పని అప్పగించింది: జాతుల మధ్య, మతాల మధ్య స్నేహము పెంచాలని. టీచర్లారా, వచ్చే ఆదివారము లూకా 10లోని సమరయుని ఉపమానము చదివించండి. “మన ఊరిలో ఎవరి చేత్తో నీళ్లు తాగడానికి మనము వెనుకాడతాము?” అని అడగండి. పిల్లలు నిజము చెబితే, ఎవరి ఇంటి సంగతి బయటపడినా, వారి నోరు మూయించకండి.

ఇప్పుడు ప్రార్థనలో ఏకీభవించండి.