చిరునామా లేని సమాచారం

(జెడ్డా షరఫియాలో శుక్రవారం సాయంత్రం జరిగిన మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉన్న ఒక్క సెలవు సాయంత్రం ఇక్కడికి వచ్చినందుకు ధన్యవాదాలు. వెబ్ పేజీల గురించి మాట్లాడతానంటే కంప్యూటర్ క్లాసు అనుకోకండి. ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో ముందు మనవి చేస్తాను.

2017 మార్చి 29 నుంచి 90 రోజుల పాటు సౌదీలో క్షమాభిక్ష అమలైంది. గడువు దాటిన మనవాళ్లు జరిమానా కట్టకుండా ఇల్లు చేరడానికి అదొక అవకాశం. ఆ నోటీసు ఫోటో రూపంలో ఫోను నుంచి ఫోనుకు తిరిగింది. అంతా ముగిసిన చాలా కాలానికి నిజామాబాద్ తమ్ముడొకడు అదే ఫోటో చూపించి, "అన్నా, ఇది ఇప్పుడున్నదా?" అని అడిగాడు. తేదీ ఉన్న పైభాగం ఎవరో కత్తిరించారు. ఎవరు పంపారో తెలియదు, అసలు నోటీసు ఎక్కడుందో తెలియదు. లేదు తమ్ముడూ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఫోటోకు లేనిది చిరునామా. వెబ్ పేజీకి ఉన్నది అదే.

వెబ్‌ను ప్రతిపాదించిన టిమ్ బెర్నర్స్‌-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. ఒకరి దగ్గరున్న కాగితం ఇంకొకరికి దొరకాలన్నదే ఆయన సమస్య. ఆయన చూపిన దారిలో మూడే మూడు వస్తువులున్నాయి. మొదటిది పేజీ. హెచ్‌టీఎంఎల్ గుర్తులతో రాసిన మామూలు అక్షరాల ఫైలు. రెండోది ఆ ఫైలు ఉండే సర్వరు, దాన్ని చేరడానికి ఒక చిరునామా. మూడోది లింకు. కంటికి కనిపించే మాట ఒకటి, దాని వెనుక ఇంకో పేజీ చిరునామా. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దీన్ని అందరికీ ఉచితంగా వదిలేసింది. కాబట్టి పేజీ పెట్టడానికి మనం ఎవరి అనుమతీ కొనుక్కోనక్కరలేదు.

ఇక మనం చేయవలసినవి.

సమాచారాన్ని బొమ్మగా కాదు, యూనికోడ్ తెలుగు అక్షరాలుగా పెట్టండి. ఒకప్పుడు మన పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేనివాడికి పిచ్చి గీతలు కనబడేవి, వెతికితే దొరికేవి కావు. అక్షరాలుగా ఉంటే వెతికినప్పుడు దొరుకుతుంది. చదవడం రానివాడికి ఫోనే చదివి వినిపించగలదు.

నకలు తీయకండి, లింకు ఇవ్వండి. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్ ఉంది, కాన్సులేట్ పేజీలున్నాయి. అక్కడి నిబంధనలు మనం నకలు తీసి పెడితే, వాళ్లు మార్చిన రోజే మనది తప్పవుతుంది. మనం నాలుగు మాటల్లో తెలుగులో వివరించి, మూలానికి లింకు ఇవ్వాలి. "ఇక్కడ నొక్కండి" అని రాయకండి. "జీతం రాకపోతే ఫిర్యాదు చేసే పేజీ" అని రాయండి. చదివేవాడికి ఎక్కడికి పోతున్నాడో తెలియాలి.

మనలో మనం లింకులు ఇచ్చుకోవాలి. 1998లో గూగుల్ స్థాపకులు పెట్టుకున్న సూత్రం ఏమిటంటే, ఒక పేజీకి వచ్చే లింకులు దానికి పడే ఓట్ల లాంటివని. ఇప్పుడు ఇంకా చాలా లెక్కలు కలిశాయి గానీ, ఎవరూ లింకు ఇవ్వని పేజీ దారి లేని ఊరే. రియాద్‌లో, దమ్మామ్‌లో, కువైట్‌లో ఉన్న తెలుగు సంఘాలు ఒకదానికొకటి దారి వేసుకోకపోతే ఎవరి ఊరు వాళ్లదే.

చిరునామా మార్చకండి. పేజీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలిస్తే, ఇంతకుముందు ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. ఉచితంగా చోటిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. లక్షల కొద్దీ పేజీలు పోయాయి. కొన్నిటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివాళ్లు దాచగలిగారు. అందుకే సొంత డొమైన్ తీసుకోండి. అది ఒక్కరి ఈమెయిల్ మీద ఉండకూడదు. ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోతే, కట్టవలసిన రోజు గడిచిపోతుంది, సంఘం చిరునామా పోతుంది. ఇద్దరు ముగ్గురి దగ్గర తాళం ఉండాలి.

ఒక హెచ్చరిక. సాయం చేసే తొందరలో ఎవరి ఇఖామా, పాస్‌పోర్టు నంబర్లు, ఫోటోలు పేజీలో పెట్టకండి. ఒకసారి బయటపడింది వెనక్కి రాదు. 2007 నుంచి ఇక్కడ సైబర్ నేరాల చట్టం ఉంది, దాన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

మిత్రులారా, మన రాజకీయాలు ఏవైనా కావచ్చు. ఆంధ్రా, తెలంగాణ తేడా ఈ పనికి అడ్డు రాదు. మనలో ఇంజనీర్లున్నారు, అకౌంటెంట్లున్నారు, ఆస్పత్రుల్లో పనిచేసేవారున్నారు. ఒక్కొక్కరు ఒక్క పేజీ తీసుకోండి. జీతం రాకపోతే, హురూబ్ పెడితే, మనిషి చనిపోతే ఏం చేయాలి, ఎవరిని కలవాలి? పేజీ పైన తేదీ, కింద మూలానికి లింకు. మూడు నెలలకోసారి ఆ లింకులు నొక్కి చూసే బాధ్యత కూడా ఆయనదే.

రేపు ఇంకో తమ్ముడు ఫోను పట్టుకుని "అన్నా, ఇది ఇప్పుడున్నదా?" అని అడిగితే, ఆ పేజీయే జవాబు చెప్పాలి.