గోడ మీద బొమ్మను చూడటం నేర్చుకుందాం
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకిచ్చిన అంశం వీధి చిత్రకళ. పేరు వినగానే ఇదేదో పట్నం పిల్లల వ్యవహారం, మనకెందుకులే అనుకునేవాళ్లు మీలో ఉండొచ్చు. కానీ టికెట్టు లేకుండా దారిన పోయే ఎవరైనా చూసేలా గోడ మీద బొమ్మ వేయడమే వీధి కళ అయితే, ఆ పని మన అవ్వలు ఎప్పటి నుంచో చేస్తున్నారు. పేడతో అలికిన గోడ వాళ్ల కాగితం. జాజు, సుద్దమన్ను, బియ్యప్పిండి వాళ్ల రంగులు.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ గోండు యువకుడు ఉండేవాడు. భోపాల్‌లో భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం 1981లో అతని గోడబొమ్మలు చూసి ఆగిపోయింది. అతన్ని భోపాల్ రమ్మన్నారు. 1989కల్లా అతని బొమ్మలు పారిస్‌లోని పాంపిదూ కేంద్రానికి చేరాయి. భోపాల్ శాసనసభ భవనం గోడల మీద కూడా అతను బొమ్మలు వేశాడు. మన ఆదిలాబాద్ ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడే గోండు దేవతల కథల వంటివే అతని చేతిలో బొమ్మలయ్యాయి. అతని బంధువు భజ్జూ శ్యామ్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా ఒక మట్టి గోడ దగ్గర కొందరు ఆగి చూడటంతో మొదలైంది.

మరి ఎలా చూడాలి? ముందు దూరం నుంచి మొత్తం చూడండి. తర్వాత చెయ్యి తగిలేంత దగ్గరికి వెళ్లండి. గోండు బొమ్మలో జింక ఒంటి నిండా చుక్కలో గీతలో ఉంటాయి. ఆ నింపే తీరు ఒక్కో కళాకారుడికి ఒక్కోలా ఉంటుంది, అదే వాళ్ల సంతకం. రెండోది, గోడను చూడండి. కిటికీని, పైపును, పగులును బొమ్మలో ఎలా కలుపుకున్నారో గమనించండి. ఢిల్లీ లోధీ కాలనీకి వెళ్లినా, హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాకు వెళ్లినా ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు కనిపిస్తాయి. అక్కడ ఆ ఇంటివాళ్లను పలకరించండి, ఆ బొమ్మ వాళ్లకు నచ్చిందో లేదో అడగండి. ఒక వానాకాలం పోయాక మళ్లీ వెళ్లి చూడండి. వీధి బొమ్మ ఎండకు వెలుస్తుంది, వానకు కారుతుంది. అది దాని స్వభావం. అన్నీ నచ్చాలని లేదు. ఎందుకు నచ్చలేదో మీ మాటల్లో చెప్పగలిగితే అదీ అభిరుచే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గోడ మీద ఉన్న ప్రతి బొమ్మా వీధి కోసం కాదు. సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు వేస్తారు. అది పెద్దలకు, దేవతలకు చేసుకునే నివేదన. దాన్ని ఫ్లైఓవర్ స్తంభం మీద అలంకారంగా వేయొచ్చా? వేస్తే ఎవరిని అడగాలి? దీనికి జవాబు ఏ కాంట్రాక్టరో చెప్పకూడదు. ఆ ఊరి పెద్దలతో కూర్చుని మీరే తేల్చుకోవాలి.

ఎందుకంటే, ఇవాళ ఊళ్లో మట్టి గోడలు పోయి సిమెంటు గోడలు వస్తున్నాయి. పక్కా ఇల్లు మన హక్కు, అది రావాల్సిందే. కానీ అవ్వ చేతి గీత ఆ కొత్త గోడ మీదికి ఎక్కడం లేదు. అదే సమయంలో పట్నం గోడల మీద మన డప్పులు, మన నాట్యం, మన నెమళ్లు కనిపిస్తున్నాయి. వేసినవాళ్ల పేరూ ఉండదు, ఏ తెగదో కూడా ఉండదు. చూడటం రానివాడు వాటి ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతాడు. చూడటం వచ్చినవాడు, ఇది మాది, ఇక్కడ పొరపాటు వేశారు, పేరు రాయండి అని అడగగలుగుతాడు.

అందుకే మీకు ఒక పని అప్పగిస్తున్నాను. ఈ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు గోడబొమ్మలు వేయడం తెలిసిన ఒక అవ్వ దగ్గర కూర్చోండి. ఏ మన్ను ఎక్కడ తవ్వుతారు, ఏ పండక్కి ఏ బొమ్మ వేస్తారు, దాన్ని మన భాషలో ఏమంటారు అని అడగండి. ఆమె ఒప్పుకుంటే ఫోటో తీసి, కింద ఆమె పేరు, ఊరి పేరు రాయండి. తర్వాత ఆమెనే అడిగి, మీ సిమెంటు గోడ మీద ఒక్క బొమ్మ వేయించండి. సున్నం బుట్ట మీరు పట్టుకోండి.

 జై ఆదివాసీ!